మెక్సికోలో తాతల ఊరు పేరు మారిపోయిందా? ఏ రికార్డు ముందు చూడాలి, దేన్ని వదిలేయాలి

కోడలిదో అల్లుడిదో కుటుంబం మెక్సికో నుంచి వచ్చిన తెలుగు ఇళ్లు టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో అక్కడక్కడా కనిపిస్తున్నాయి. పిల్లలకు వంశవృక్షం గీసిద్దామని కూర్చుంటే మనవైపు సంగతులు నాలుగు ఫోన్లు చేస్తే తెలిసిపోతాయి. అటువైపు మాత్రం పెద్దావిడ ఎవరో దాచిన పాత కాగితం ఒకటి, దాని మీద ఒక ఊరి పేరు, అంతే. ఆ పేరు గూగుల్ మ్యాప్స్‌లో కొడితే అసలు రాదు, వస్తే అదే పేరుతో డజన్ల ఊళ్లు వస్తాయి. చాలామంది ఇక్కడే టెన్షన్ పడిపోయి డబ్బు కట్టే సైట్లలో చేరిపోతారు. అంత తొందర అక్కర్లేదు, అసలు పనికొచ్చేవాటిలో ఎక్కువ భాగం ఉచితమే.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఏ సైటు మంచిది అన్నది తర్వాతి మాట, ముందు మీ కాగితం ఏ కాలానిదో తేల్చుకోండి. 1900 తర్వాతిదైతే మెక్సికో గణాంక సంస్థ ఇనేహి (INEGI) పెట్టిన ఊళ్ల చరిత్ర డేటాబేస్‌తో మొదలుపెట్టండి. 1880లకీ 1900కీ మధ్యదైతే రెహిస్త్రో సివిల్, అంటే ప్రభుత్వ జనన, వివాహ, మరణ రిజిస్టర్లు, వాటి పక్కన ఒక పాత భౌగోళిక నిఘంటువు. అంతకంటే పాతదైతే ముందు చర్చి పుస్తకాలే. డీఎన్ఏ పరీక్ష, ఫీజు తీసుకునే పరిశోధకుడు, ఈ రెండూ అన్నీ అయిపోయాకే.

పేర్లు ఎప్పుడెప్పుడు మారాయి

ఇది కాస్త తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. స్పెయిన్ నుంచి 1821లో విడిపోయాక మొదటి విడత వచ్చింది, స్వాతంత్ర్య వీరుల పేర్లు ఊళ్లకు పెట్టారు. సాన్ మిగేల్ ఎల్ గ్రాందె 1826లో సాన్ మిగేల్ దె అయెందె అయింది, వాయదోలీద్ 1828లో మోరేలియా అయింది. తర్వాత అధ్యక్షుడు పోర్ఫీరియో దియాస్ ఏలిన కాలంలో ఇంకో విడత. 1910లో మెక్సికో విప్లవం వచ్చాక వాటిలో కొన్ని తిరగబడ్డాయి. 1930లలో చర్చి మీద కోపంతో తబాస్కో, వెరాక్రూజ్ లాంటి రాష్ట్రాల్లో సెయింట్ల పేర్లున్న ఊళ్లకు ఆ పేర్లు పీకేశారు, కొన్ని ఊళ్లు తర్వాత మళ్లీ పాత పేరే తెచ్చుకున్నాయి. తబాస్కో రాజధాని అయితే అంతకు ముందే, 1916లోనే, సాన్ హువాన్ బౌతీస్తా అన్న పేరు పోయి వియెర్మోసా అయింది.

ఇందులో మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. మారిన పేరే కాగితం వయసు చెప్పేస్తుంది. టెక్సాస్ సరిహద్దులో ఈగిల్ పాస్‌కు ఎదురుగా ఉన్న పియెద్రాస్ నేగ్రాస్‌ను 1888లో సియుదాద్ పోర్ఫీరియో దియాస్ అన్నారు, దియాస్ పడిపోయిన 1911లో మళ్లీ పాత పేరు పెట్టేశారు. కాబట్టి కాగితం మీద ఆ పేరుంటే రాసింది ఆ ఇరవై మూడేళ్లలోనే అనుకోవచ్చు. కోఅత్సకోఅల్కోస్ రేవు 1900 నుంచి 1936 దాకా ప్యూర్తో మెహీకో. చెతుమాల్‌కు 1936కు ముందు పేరు పాయో ఒబీస్పో. వీటిలో ఏది కనిపించినా ముందు తేదీల హద్దు వేసుకోండి. అయితే ఒక మెలిక: ముసలివాళ్లు చెప్పిన మాట రాసుకున్న కాగితమైతే పాత పేరు ఇంకో తరం దాకా నోళ్లలో బతికే ఉంటుంది, దానికి ఈ లెక్క పనిచేయదు.

సరిహద్దు దగ్గరి ఇంకో గోల ఎల్ పాసో. నదికి అవతల మెక్సికో ఒడ్డున ఉన్న ఇప్పటి సియుదాద్ హువారెజ్‌కు 1888 దాకా పేరు పాసో దెల్ నోర్తె. "ఎల్ పాసోలో పుట్టాడు" అని పందొమ్మిదో శతాబ్దపు కాగితంలో ఉంటే అది నదికి ఏ ఒడ్డో తేల్చకుండా అమెరికా జనాభా లెక్కల్లో పడి వెతకొద్దు.

ఊరు ఎక్కడిదక్కడే ఉండి రాష్ట్రం మారిన కేసులు ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడతాయి. మనకిది కొత్తేం కాదు, 2014కు ముందు వరంగల్‌లో పుట్టినవాళ్ల సర్టిఫికెట్‌లో ఆంధ్రప్రదేశ్ అని లేదూ, అచ్చం అలాగే. తెపీక్ 1884 దాకా హలీస్కోలో భాగం, తర్వాత కేంద్రం కింద టెరిటరీ, 1917లో నయారీత్ రాష్ట్రం. కుయెర్నవాకా, పచూకా రెండూ 1869కి ముందు మెక్సికో రాష్ట్రంలో ఉండేవి, ఆ ఏడాదే మొరేలోస్, ఇదాల్గో రాష్ట్రాలు విడిగా ఏర్పడ్డాయి. గెర్రెరో రాష్ట్రం 1849లో మెక్సికో, ప్వేబ్లా, మిచోఅకాన్ ముక్కలతో పుట్టింది. కాగితంలో రాష్ట్రం పేరు చూసి సెర్చ్‌ను ఆ రాష్ట్రానికే బిగిస్తే దొరకాల్సింది కూడా దొరకదు.

అమెరికా వైపు కాగితాలు: ముందు ఇవే, కానీ గుడ్డిగా నమ్మొద్దు

మెక్సికో రికార్డుల్లోకి దూకేముందు ఇక్కడున్నవి అన్నీ పోగేయండి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో సరిహద్దు దాటినవాళ్ల కార్డులు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఎల్ పాసో, లరేడో, నొగాలెస్, ఈగిల్ పాస్, బ్రౌన్స్‌విల్ లాంటి చోట్ల రాసినవి. చాలా కార్డుల్లో పుట్టిన ఊరు, ఆఖరిగా ఉన్న ఊరు, వెనక వదిలివచ్చిన దగ్గరి బంధువు పేరు, వెళ్తున్నది ఎవరి దగ్గరికో, ఇవన్నీ ఉంటాయి. నన్నడిగితే ఊరి పేరు కంటే ఆ దగ్గరి బంధువు గడి విలువైనది, ఎందుకంటే ఊరి పేరును గుమాస్తా చెవికి తోచినట్టు రాశాడు, పైగా చాలామంది తాము పుట్టిన చిన్న రాంచో (పొలాల మధ్య ఉండే చిన్న పల్లె) పేరు చెప్పకుండా అందరికీ తెలిసిన పక్క పట్నం పేరో రైలెక్కిన స్టేషన్ పేరో చెప్పేశారు.

మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనిక నమోదు కార్డుల్లో 1917 జూన్ నాటివి చూడండి, వాటిలో పుట్టిన ఊరు అడిగారు. 1918 సెప్టెంబర్ కార్డులో ఆ ప్రశ్నే లేదు, దాని కోసం టైమ్ పెట్టకండి. 1936 నుంచి మొదలైన సోషల్ సెక్యూరిటీ దరఖాస్తులో పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు రెండూ ఉంటాయి, తల్లి ఇంటిపేరుతో సహా. వీటన్నిటికంటే నేను ఎక్కువ మార్కులు వేసేది అమెరికాలో జరిగిన క్యాథలిక్ పెళ్లి రికార్డుకు. పెళ్లికి ముందు ఫాదర్ బాప్తిస్మ సర్టిఫికెట్ అడుగుతాడు, అందుకే ఏ చర్చిలో బాప్తిస్మం అయిందో ఆ ఊరు పేరుతో సహా రాసి ఉండే అవకాశం బాగా ఎక్కువ.

ఇనేహి డేటాబేస్: 1900 తర్వాత దీనికి పోటీ లేదు

ఇనేహి సైట్లో ఊళ్ల చారిత్రక ఆర్కైవ్ అని ఒకటుంది. ఊరి పేరు కొట్టి రాష్ట్రం ఎంచుకుంటే ఆ ఊరు 1900 నుంచి ఒక్కో జనాభా లెక్కలో ఏ పేరుతో, ఏ హోదాతో, ఏ మునిసిపియో కింద, ఎంత జనంతో ఉందో వరసగా చూపిస్తుంది. మునిసిపియో అంటే మన మండలానికి దగ్గరగా ఉండేదే అనుకోండి, కాకపోతే దానికి సొంత పాలకవర్గం, సొంత మేయర్ ఉంటారు. ఉనికిలో లేకుండా పోయిన ఊళ్లు కూడా ఇందులో ఉంటాయి, అదే దీని అసలు బలం.

వాడేటప్పుడు పేరు కాదు, అంకెలు రాసుకోండి. ప్రతి ఊరికీ తొమ్మిదంకెల కోడ్ ఉంటుంది: మొదటి రెండు రాష్ట్రం, తర్వాత మూడు మునిసిపియో, చివరి నాలుగు ఊరు. హలీస్కో 14, జకాతేకాస్ 32, ఇలా. చివర 0001 ఉంటే మామూలుగా అది మునిసిపియో కేంద్రం. అదే రాష్ట్రంలో అదే పేరుతో అర డజను రాంచోలు ఉన్నప్పుడు మిమ్మల్ని కాపాడేది ఈ కోడే.

హోదా గడిని కూడా దాటేయకండి. 1900లోనో 1910లోనో అసియెండా, అంటే పెద్ద భూస్వామి ఎస్టేటు అని ఉన్నది, 1940 లెక్కలో ఎహీదో, అంటే రైతుల ఉమ్మడి భూమి అయిపోయి పేరు కూడా మారి కనిపిస్తుందనుకోండి, జరిగింది భూసంస్కరణ. లాసారో కార్దెనాస్ పాలించిన 1934–1940 మధ్య ఎస్టేట్లు పంచి రైతులకు ఉమ్మడి భూములుగా ఇచ్చారు. "మా తాత అసియెండాలో పుట్టాడు" అని చెప్పే కుటుంబాలు మ్యాప్‌లో ఆ పేరు వెతికి నీరసపడేది ఇందుకే. అలాంటప్పుడు ఆ మునిసిపియోలోని మిగతా ఊళ్ల జాబితా తెరిచి, మీ కుటుంబం నోట విన్న పక్క ఊళ్ల పేర్లు ఎన్ని కనిపిస్తున్నాయో చూడండి. రెండు మూడు తగిలాయంటే సరైన చోటికే వచ్చారు.

లోపం ఏంటంటే 1900కు ముందు ఇది మౌనం. చిన్న రాంచోలు ఒక లెక్కలో ఉండి తర్వాతి లెక్కలో మాయమై మళ్లీ తేలడమూ ఉంది, అంతమాత్రాన ఊరు ఖాళీ అయిందని కాదు.

పట్నం పేరు, మునిసిపియో పేరు ఒకటే అని కూడా అనుకోవద్దు. హలీస్కోలో సియుదాద్ గుస్మాన్ పాత పేరు జపొత్లాన్ ఎల్ గ్రాందె. 1997లో మునిసిపియోకు ఆ పాత పేరు తిరిగొచ్చింది, పట్నం మాత్రం సియుదాద్ గుస్మాన్‌గానే ఉండిపోయింది.

పాత నిఘంటువు, పాత మ్యాపులు

1900కు వెనక్కి వెళ్లాలంటే ఆంతోనియో గార్సియా కూబాస్ 1888–1891 మధ్య ఐదు సంపుటాల్లో తెచ్చిన మెక్సికో భౌగోళిక నిఘంటువు ఉంది. స్కాన్ కాపీలు నెట్లో ఉచితంగా దొరుకుతాయి. ఊళ్లే కాదు, అసియెండాలు, రాంచోలు కూడా అక్షర క్రమంలో, ఏ రాష్ట్రం, ఏ మునిసిపాలిటీ కిందివో చెబుతూ ఉంటాయి. స్పానిష్ రాకపోయినా పర్వాలేదు, ప్రతి ఎంట్రీ ఒకే మూసలో నడుస్తుంది, పది చదివితే పదకొండోది దానంతటదే అర్థమవుతుంది. ఇనేహి 1900 వరసలో ఉన్నది, ఇందులో ఉన్నది ఒకే పరిపాలన కింద కలిశాయంటే ఊరు దాదాపు తేలినట్టే. మెక్సికో సిటీలోని మాన్వెల్ ఒరోస్కో ఇ బెర్రా మ్యాపుల భాండాగారం కూడా చాలా పాత మ్యాపులను ఆన్‌లైన్‌లో పెట్టింది. చూడ్డానికి బాగుంటాయి, ఊరు కనిపెట్టడానికి మాత్రం నిఘంటువే త్వరగా పని చేస్తుంది.

చర్చి పుస్తకమా, ప్రభుత్వ రిజిస్టరా

అసలు పోటీ ఇక్కడే. రెండూ ఎక్కువగా ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్లో ఉచితంగా చూడొచ్చు, కొన్ని స్కాన్ బొమ్మలు మాత్రం వాళ్ల కేంద్రానికో అనుబంధ లైబ్రరీకో వెళ్తేనే తెరుచుకుంటాయి. డబ్బు కట్టే సైట్లలోని మెక్సికో బాప్తిస్మ ఇండెక్సుల్లో కొన్ని ఇక్కడి నుంచి వెళ్లినవే, కాబట్టి చందా కట్టేముందు ఇక్కడ చూసుకోండి.

అధ్యక్షుడు బెనీతో హువారెజ్ ప్రభుత్వం రెహిస్త్రో సివిల్ చట్టం తెచ్చింది 1859లో. చాలాచోట్ల పని నిజంగా మొదలైంది మెక్సికోను ఆక్రమించిన ఫ్రెంచివాళ్లు 1867లో వెళ్లిపోయాకే. మొదట్లో భక్తిపరులు చాలామంది దాని గడప తొక్కలేదు, పిల్లకు బాప్తిస్మం ఇప్పించి ఊరుకున్నారు. అందుకని 1860లు, 1870లలో పుట్టినవాళ్లకు చర్చి పుస్తకమే ముందు. తర్వాతి కాలానికి వచ్చేకొద్దీ ప్రభుత్వ రిజిస్టర్ బలపడుతుంది, తాతల పేర్లు కూడా అందులో రాసేవాళ్లు కాబట్టి ఒక కాగితంతో మూడు తరాలు దొరుకుతాయి. 1926 నుంచి 1929 దాకా, చర్చి మీద ప్రభుత్వ ఆంక్షలకు ఎదురుతిరిగిన క్యాథలిక్కుల క్రిస్తెరో తిరుగుబాటు కాలంలో అయితే వేరే ఆలోచనే వద్దు, ప్రభుత్వ రిజిస్టర్‌కే వెళ్లండి. గుళ్లలో పూజలు ఆగిపోయి ఫాదర్లు దాక్కుని ఇళ్లలో బాప్తిస్మాలు ఇచ్చిన రోజులవి, చర్చి పుస్తకాల్లో ఖాళీలుంటాయి, కొన్ని పేర్లు ఆలస్యంగా ఎక్కించారు. విప్లవంలో ప్రభుత్వ రిజిస్టర్లు కాలిపోయిన ఊళ్లూ ఉన్నాయి, అలాంటి చోట రాష్ట్ర ఆర్కైవ్‌కు పంపిన రెండో ప్రతి బతికిందేమో అడగండి.

ఊరు పట్టుకోవడానికి బాప్తిస్మం కంటే పెళ్లి ఎంట్రీ మేలు. వరుడి గురించి "ఒరిహినారియో దె" ఫలానా, "వెసీనో దె" ఫలానా అని ఒకే వరసలో రెండు ఊళ్లు రాస్తారు: మొదటిది పుట్టింది, రెండోది ప్రస్తుతం ఉంటున్నది. కొన్నిచోట్ల ఎన్నేళ్ల వయసు నుంచి ఇక్కడ ఉంటున్నాడో కూడా ఉంటుంది. తొందరలో రెండో ఊరిని చూసి అదే సొంతూరు అనుకుంటే ఆ చర్చి పుస్తకాలన్నీ తిరగేసినా అతని బాప్తిస్మం దొరకదు.

చర్చి హద్దులూ మునిసిపియో హద్దులూ ఒకటి కావు, ఇది గుర్తు పెట్టుకోండి. ఒక రాంచో ప్రభుత్వ లెక్కల్లో ఒక మునిసిపియోలో ఉండి, జనం మాత్రం వాగు అవతల దగ్గర్లో ఉన్న వేరే పరోకియాకు, అంటే ఇంకో ఫాదర్ పరిధిలోని చర్చికి వెళ్లేవాళ్లు. కొత్త పరోకియా విడిపోతే అప్పటి నుంచి పుస్తకాలు అక్కడ, అంతకు ముందువి తల్లి పరోకియాలో. 1822కు ముందైతే స్పానిష్‌వాళ్లు, ఇండియోలు (స్థానిక ఆదివాసులు), మిశ్రమ జాతులవాళ్లు అని చాలాచోట్ల వేరువేరు పుస్తకాలు నడిపారు, ఒకదాంట్లో లేకపోతే మిగతావీ చూడాల్సిందే. ఒకే తల్లి పిల్లలు రెండు పుస్తకాల్లో తేలడమూ మామూలే.

తమౌలీపాస్‌లోని గెర్రెరో సంగతి చూస్తే ఇవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. 1750లో రెవియా పేరుతో వెలిసిన ఊరు, స్వాతంత్ర్యం వచ్చాక విసెంతె గెర్రెరో పేరు పెట్టారు. 1953లో రియో గ్రాందె మీద ఫాల్కన్ డ్యామ్ కట్టాక నీళ్లొచ్చి మునిగింది, జనాన్ని కొత్త గెర్రెరోకు తరలించారు. ఇప్పుడు మ్యాప్‌లో కొత్త ఊరూ ఉంది, గెర్రెరో వియెహో అని శిథిలాలూ ఉన్నాయి. పైగా అదే పేరుతో ఒక రాష్ట్రం, కోఅవీలాలో ఒక ఊరు, చివావాలో ఇంకో ఊరు. దక్షిణ టెక్సాస్ కుటుంబాలు చాలావాటికి మూలం ఈ రెవియానే, కాబట్టి మీ కాగితంలో ఉత్త "గెర్రెరో" అని ఉండి కుటుంబం లరేడో, జపాటా వైపుదైతే దక్షిణాన ఉన్న గెర్రెరో రాష్ట్రం గురించి మర్చిపోండి. తబాస్కో కూడా ఇలాంటిదే, జకాతేకాస్‌లో తబాస్కో అని ఒక మునిసిపియో ఉంది, దాని పాత పేరు వియా దెల్ రెఫూహియో.

ఇండెక్సు మీద ఒక మాట. అందులో కనిపించే ఊరి పేరు కొన్నిసార్లు కంప్యూటర్ అంచనా వేసి తగిలించింది, బొమ్మ తెరిచి చేతిరాత చూడందే నమ్మకండి. స్పెల్లింగ్ కూడా పట్టించుకోవద్దు: బీ, వీ ఒకటే, ఎస్, జెడ్, సీ కలిసిపోతాయి, పలకని హెచ్ ఉంటుంది, ఊడిపోతుంది, పాత రాతలో ఎక్స్ ఉన్నచోట ఇప్పుడు జే వచ్చింది. అన్ని రకాలుగా కొట్టి చూడండి.

ఇక "గ్వాదలూపె", "సాన్ హొసె" అని మాత్రమే ఉందా? ఊరిని వదిలేసి మనుషుల్ని వెతకండి. మెక్సికోలో తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ పెట్టుకుంటారు, కాబట్టి ఆ జంట ఇంటిపేర్లతో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎక్కడ గుంపుగా తేలుతున్నారో చూస్తే ఊరు దానంతటదే బయటపడుతుంది.

మనుషుల సాయం, డీఎన్ఏ

చాలా మునిసిపియోల్లో క్రోనిస్తా అని స్థానిక చరిత్ర రాసే మనిషి ఉంటారు. పాత రాంచో పేరు, ఫలానా ఎస్టేటు ఏమైంది లాంటివి ఆయనకు తెలిసినంత ఏ డేటాబేస్‌కీ తెలియదు. మర్యాదగా స్పానిష్‌లో చిన్న ఉత్తరం రాయండి, కుటుంబ చరిత్ర మొత్తం కుమ్మరించకుండా ఒకే ఒక ప్రశ్న అడగండి. ఫీజు తీసుకునే పరిశోధకుడు మాత్రం స్పానిష్ కాలపు చేతిరాత చదవాల్సి వచ్చినప్పుడో, ఆన్‌లైన్‌లో లేని పరోకియాకు మనిషి వెళ్లాల్సి వచ్చినప్పుడో తప్ప దండగ. డీఎన్ఏ ఊరు చెప్పదు. దూరపు కజిన్ల చెట్లు చూపిస్తుంది, అది నిజమే, కానీ హలీస్కోలోని లోస్ ఆల్తోస్, ఈశాన్యపు పాత ఊళ్ల లాంటి చోట్ల తరతరాలుగా దగ్గరి చుట్టాల్లోనే సంబంధాలు కలుపుకున్నారు, మ్యాచ్‌లు ఉన్నదానికంటే దగ్గరి బంధుత్వంగా కనిపిస్తాయి. మేనరికాలు తెలిసిన మనకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు.

చివరిగా ఒక తేడా ముందే తేల్చుకోండి. మీ ఇంటివాళ్లకు కావాల్సింది వంశవృక్షం కాదు, మెక్సికో జాతీయత కాగితాలు అయితే ఈ వరస మొత్తం మారిపోతుంది. అప్పుడు చర్చి పుస్తకం ఎంత స్పష్టంగా ఉన్నా పక్కన పెట్టి, మెక్సికో పౌరులైన తల్లిదో తండ్రిదో రెహిస్త్రో సివిల్ జనన పత్రం సంపాదించడం మీదే పడండి, కాన్సులేట్‌లో అడిగేది అదే. ఊరు పేరు ఇప్పుడు వేరైనా కంగారు పడొద్దు, నమోదు చేసిన ఆఫీసు, సంవత్సరం, ఎంట్రీ నంబరు ఉంటే పత్రం తీయొచ్చు. చెట్టులో రాసుకునేటప్పుడు మాత్రం కాగితం మీదున్న పాత పేరు ఉన్నదున్నట్టు రాసి, పక్కనే ఇప్పటి పేరు, ఇనేహి కోడ్ పెట్టండి.